అధికార పీఠమున స్త్రీ

1940ల నడుమ మదరాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలనుండి ముగ్గురు యువతులు పట్టభద్రులైరి. ఆ కళాశాలలో అంతకుముందు ఆడపిల్లలెవ్వరును చదివి యుండలేదు. పట్టాల కాగితములు ఎప్పటివలెనే ముందుగా అచ్చయి యుండెను. విద్యార్థిని పేర్కొనవలసిన చోట ‘అతడు’ అను అర్థమిచ్చు ఆంగ్లపదమే వానిలో నుండెను. ఏనాటికైనను ఒక స్త్రీ ఆ పట్టాను పుచ్చుకొనునని అచ్చువేయించినవారికి తోచలేదు. తుదకు ఆ మాటను కలముతో కొట్టివేసి, ‘ఆమె’ అని వ్రాసి యిచ్చిరి.

చూచుటకు ఇది చిన్న ముచ్చట. ఒక సిరా గీత, ఒక చిన్న మాట. కాని ఉద్యోగములలో, అందును పదిమందిచేత పని చేయించు ఉద్యోగములలో, స్త్రీ అడుగుపెట్టిన చరిత్ర యంతయు ఆ కాగితముమీద కనబడుచున్నది. పట్టాలోని మాటను దిద్దుటకు ఒక్క నిమిషము చాలినది. ప్రభుత్వ నియమావళిలోని మాటను దిద్దుటకు స్వతంత్రము వచ్చిన తరువాత ముప్పది యేండ్లకు పైగా పట్టినది. మన మనస్సులలో అచ్చయియున్న మాట సంగతి ఏమి? ఈ ప్రసంగమున మేము విచారింపదలచినది అదియే.

ముందుగా ఒక్క విషయము స్పష్టపరచుకొందము. స్త్రీ పని చేయుటను మన సంఘము ఎన్నడును తప్పుపట్టలేదు. నాట్లు వేసినది ఆమె, కలుపు తీసినది ఆమె, రాట్నము త్రిప్పినది ఆమె, సున్నము గానుగలకడ, రాళ్ల క్వారీలకడ తట్ట మోసినది ఆమె. అప్పుడెవ్వరును ‘ఈమెకు ఇల్లు లేదా, పిల్లలు లేరా?’ అని అడుగలేదు. ఆమె పని చేయుచోటనుండి పని చేయించుచోటికి వచ్చి కూర్చున్న దినముననే ఆ ప్రశ్న పుట్టినది. కావున చిక్కు ఆమె శ్రమతో వచ్చినది కాదు. ఆమె ఆజ్ఞతో వచ్చినది.

ఈ చిక్కు క్రొత్తది కాదు. తెలుగువారికి దీని కథ ఏడువందల యేండ్లనాటినుండి తెలియును. కాకతీయ గణపతిదేవునకు కొడుకులు లేకపోయిరి. ఆయన తన కుమార్తె రుద్రమను రాజ్యమునకు వారసురాలిని చేసెను. 1262 ప్రాంతమునుండి 1289 వరకు ఆమె ఓరుగల్లునుండి తెలుగుదేశమును ఏలినది. దేవగిరి యాదవుల దండయాత్రను త్రిప్పికొట్టినది. తిరుగబడిన సామంతులను ఎదుర్కొన్నది. వెనీసు నగరపు యాత్రికుడు మార్కో పోలో మోటుపల్లి రేవు గల ఈ రాజ్యమును గూర్చి వ్రాయుచు, ఇచట నొక రాణి న్యాయముగా పాలించెనని ప్రశంసించెను. కాని ఆమె శాసనములలో పలుచోట్ల మనకు కనబడు పేరు ‘రుద్రదేవ మహారాజు’. సింహాసనము పురుషుని కొలతకు చేసినది. దానిపై కూర్చుండవలెననిన ముందు పేరు మార్చుకొనవలసి వచ్చినది. ఆమె మగవేషమున సభ తీర్చెనని మనవారు చెప్పుకొందురు. వేషము సంగతి ఎట్లున్నను, పేరు సంగతికి రాళ్లే సాక్ష్యము.

మరియొక సంగతిని కూడ గమనింపవలెను. రుద్రమకు కుమార్తెలు కలరు. ఆమె తరువాత పీఠమెక్కినది మాత్రము కుమార్తె కాదు. కుమార్తె ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రుడు. తండ్రి కుమార్తెకు చేసినట్టి ఏర్పాటు తల్లి కుమార్తెలకు చేయలేదు, లేక చేయజాలలేదు. ఒక అసాధారణ స్త్రీ ఒకసారి పీఠమెక్కినంత మాత్రమున పీఠము మారదు. ఆమె దిగిపోగానే అది మరల తన పూర్వపు కొలతలకు వచ్చును. ఈ పాఠమును మనము తరువాతి కాలమున గూడ పలుమార్లు చదువుదుము.

ఆంగ్లేయుల కాలమున సింహాసనముల స్థానమున ఆఫీసు కుర్చీలు వచ్చినవి. జమీందారీల రక్షణకై ఏర్పడిన కోర్టు ఆఫ్ వార్డ్సు చట్టములలో, తమ ఎస్టేటును తాము నిర్వహించుకొనజాలనివారి జాబితా యొకటి యుండెడిది. మైనరులు, మతి చలించినవారు, వారి సరసనే నిర్వహణకు అసమర్థులని ప్రభుత్వము నిర్ణయించిన స్త్రీలు! ఇక దేశమునంతయు నడిపించిన ఇండియన్ సివిల్ సర్వీసులో చివరివరకును ఒక్క స్త్రీకైనను చోటు దొరకలేదు. బాలికల పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా, ఆడవారి ఆసుపత్రికి డాక్టరుగా స్త్రీ పనికివచ్చెడిది. ఆడవారిపై ఆడవారు పెద్దరికము చేయుటను ఎవ్వరును కాదనలేదు. జిల్లాపై, కర్మాగారముపై, మగవారిపై పెద్దరికము చేయుట వేరు మాట.

దీనికి కారణము కేవలము మగవారి అహంకారమని చెప్పి ఊరకుండుట సులభమే. కాని అది సగము సత్యమే యగును. ఆ ఉద్యోగముల స్వరూపమును పరికింపుడు. సబ్ కలెక్టరు గుఱ్ఱమెక్కి నెలలో సగము దినములు క్యాంపులు తిరుగవలెను. ఎప్పుడు ఏ ఊరికి బదిలీయైనను మూట గట్టుకొని కదలవలెను. దౌత్యోద్యోగి మూడేండ్లకొక దేశము మారవలెను. అతిథులకు విందులు చేయవలెను. ఈ బ్రతుకు సాగవలెననిన ఇంటివద్ద మరియొకరు ఉండవలెను. సామాను సర్దుట, పిల్లల చదువు చూచుట, వచ్చినవారికి మర్యాదలు జరుపుట ఆ రెండవవారి వంతు. అనగా జీతము ఒక్కరిది, పని ఇద్దరిది. ఆ రెండవ మనిషి ఉద్యోగి భార్య. ఆమె పేరు ఏ పట్టికలోను ఉండదు. అట్టి ఉద్యోగమునకు స్త్రీయే వచ్చినచో ఆ రెండవ మనిషి ఎవరు? ఈ ప్రశ్నకు ప్రభుత్వమునకు దొరికిన జవాబు ఒక్కటే: ఆమె పెండ్లి చేసికొనరాదు.

ఇంగ్లండులోను ఈ కట్టడియే యుండెడిది. అచటి స్వదేశ సివిల్ సర్వీసులో వివాహిత స్త్రీలపై నిషేధమును 1946లో తొలగించిరి. విదేశాంగ సేవలో అది 1970ల వరకు నిలిచినది. మనము వారి రాజ్యమును సాగనంపితిమి గాని, వారి నియమావళిని పెట్టె దించకుండ ఉంచుకొంటిమి.

గిండీ కళాశాల ముగ్గురు యువతులలో ఒకరు తెలుగు బిడ్డ అయ్యలసోమయాజుల లలిత. 1919లో మదరాసున పుట్టిరి. పదునైదవ యేట వివాహమైనది. పదునెనిమిదవ యేట భర్త పోయెను. అప్పటికి చంటిబిడ్డ వయస్సు నాలుగు నెలలు. ఆనాటి బ్రాహ్మణ కుటుంబములలో అట్టి యువతికి లోకము చూపు దారి ఏదో శ్రోతలకు తెలియనిది కాదు. తండ్రి పప్పు సుబ్బారావుగారు ఆ ఇంజనీరింగు కళాశాలలోనే విద్యుచ్ఛాస్త్రాచార్యులు. ఆయన కుమార్తెను మరల చదివింప నిశ్చయించిరి. క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియెట్ ముగించిన పిదప, ప్రిన్సిపాలు చాకోగారి ఆమోదముతో ఆమె ఇంజనీరింగులో చేరిరి. వందలకొలది మగపిల్లల నడుమ ఒక్కతెయే ఆడపిల్ల యుండుట కష్టమని తలచి కళాశాలవారు ఇతర యువతులకును ఆహ్వానము పంపగా, కేరళ ప్రాంతమునుండి పి. కె. త్రేసియా, లీలమ్మ జార్జి అను ఇద్దరు వచ్చి సివిల్ శాఖలో చేరిరి.

లలితగారు జమాల్‌పూరు రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొందిరి. సిమ్లాలోని ఒక కేంద్రప్రభుత్వ సంస్థలో కొంతకాలము పనిచేసిరి. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీసులో చేరి, విద్యుత్ లైనుల, సబ్‌స్టేషనుల రూపకల్పనలో దాదాపు మూడు దశాబ్దములు గడపిరి. భాక్రానంగల్ ఆనకట్ట విద్యుత్ జనరేటర్ల పనిలో ఆమె పాలు కలదు. 1964లో న్యూయార్కున జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మహాసభకు ఆమె వెళ్లిరి. ఇంతటి ఇంజనీరును గూర్చి ఒక్క విషయము మాత్రము మరువరాదు. ఊరూర తిరుగవలసిన క్షేత్రపు పనులను విడిచి, ఆఫీసు బల్లవద్ద చేయదగిన పనిని ఆమె కోరుకొనిరి. కారణము ఇంటివద్ద పెరుగుచున్న కుమార్తె. కలకత్తాలో తోబుట్టువు ఇంట ఉన్నందువలన ఆ పాపకు పెద్దదిక్కు దొరికినది. ఆమె మేధను కొలిచినవారు పెక్కురు. ఆ మేధ పనిచేయుటకై వెనుక ఎందరు చేతులు కలపవలసి వచ్చెనో కొలిచినవారు లేరు. సహాధ్యాయిని త్రేసియాగారు పబ్లిక్ వర్క్సు శాఖలో మెట్టుమెట్టుగా ఎక్కి, 1971లో కేరళ రాష్ట్రమునకు చీఫ్ ఇంజనీరైరి. ‘అతడు’ అని అచ్చయిన పట్టాతో బయలుదేరిన మనిషి, పూర్వము పురుషుడు తప్ప కూర్చుండని కుర్చీలో కూర్చుండుటకు ఇరువది యేడేండ్లు పట్టినది.

స్వతంత్ర భారతమున స్త్రీలకు ఉన్నతోద్యోగముల ద్వారములు 1948లో తెరువబడినవి. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునారవ అధికరణమున, స్త్రీ పురుష భేదమును బట్టి ఎవ్వరికిని ప్రభుత్వోద్యోగము నిరాకరింపరాదని శాసించినది. ఆ రాజ్యాంగ సభలో మన రాజమహేంద్రవరపు ఆడపడుచు దుర్గాబాయమ్మగారును కూర్చుండిరి. కాగితముమీద అంతయు సరిగనే యున్నది. కాని వాకిలి తెరచినవారే గడపమీద కాలు అడ్డముపెట్టి నిలుచుండిరి.

అన్నా రాజం జార్జి అను కేరళ యువతి 1951వ జట్టులో ఐ. ఏ. ఎస్‌.కు ఎంపికయైరి, ఆ సేవలో చేరిన మొదటి మహిళ ఆమెయే. ఎంపిక చేసిన పెద్దలు, ‘ఆడవారికి విదేశాంగ సేవయో, కేంద్ర సర్వీసులో తగును, ఇది నీకెందుకమ్మా?’ అను ధోరణిలో ఆమెను మరల్ప జూచిరి. ఆమె తగ్గలేదు, మదరాసు రాష్ట్రమునే కోరుకొనిరి. ఆమె నియామక పత్రములో, వివాహమాడినచో ఉద్యోగము ముగియునని వ్రాసి యుండెను. 1954 నాటి ఐ. ఏ. ఎస్. నియామక నిబంధనలలోను, వివాహిత స్త్రీకి ఉద్యోగము హక్కుగా రాదనియు, ఉద్యోగములోనున్న స్త్రీ వివాహమాడినచో సేవాసామర్థ్యము దృష్ట్యా రాజీనామా కోరవచ్చుననియు నుండెను.

అప్పటి మదరాసు ముఖ్యమంత్రి రాజాజీ. స్త్రీలు ఇట్టి ఉద్యోగములలోనికి వచ్చుట ఆయనకు ఇష్టము లేదు. శాంతిభద్రతలు చూడవలసిన సబ్ కలెక్టరు పదవికి బదులు సచివాలయమున ఒక పని ఇత్తుమనిరి. గుఱ్ఱపుస్వారి, తుపాకి కాల్చుట, మేజిస్ట్రేటు అధికారములను వినియోగించుట తానును మగవారివలెనే నేర్చుకొంటిననియు, వారికి తీసిపోననియు ఆమె వాదించిరి. తుదకు హోసూరు సబ్ కలెక్టరుగా పంపిరి. అచట నొకమారు అడవియేనుగులు ఊరిమీదికి వచ్చినప్పుడు, వానిని కాల్పించుటకు సమ్మతింపక మరల అడవికి మళ్లించిరి. కొన్నేండ్ల పిదప రాజాజీయే ఒక సభలో ఆమెను ఆదర్శముగా పేర్కొనిరి. ఆయన పట్టుదల గలవారే కాని, కంటికి కనబడినదానిని కాదనువారు కారు.

ఆమె తరువాతి కాలమున చెప్పిన ఒక ముచ్చట కలదు. ఒక గ్రామమునకు ఆమె క్యాంపు వెళ్లగా, ఆడ కలెక్టరును చూడవలెనని ఆడవారందరు మూగిరి. ఒక ముసలమ్మ ఆమెను తేరిపార జూచి, ‘అయ్యో, ఈమెయు మనవలెనే యున్నదే!’ అని నిరాశపడినది. ఈ మాట విని మనము నవ్వుకొందుము. నవ్వు తరువాత ఆలోచింపవలెను. అధికారమనిన తమకంటె వేరైన ఏదో ఆకారమున వచ్చునని ఆ వృద్ధురాలు యావజ్జీవము నమ్మినది. తనవంటి మనిషి ఆ కుర్చీలో కనబడుట ఆమెకు సంతోషము గాక వెలితిగా తోచినది. పీఠము పురుషుని కొలతకు చేసినదన్న తలపు పురుషులలోనే కాదు, స్త్రీలలో గూడ ఎంత లోతుగా నాటుకొన్నదో ఆ ఒక్క మాట తెలుపుచున్నది.

రాజంగారికి రెండేండ్లు ముందుగా, 1949లో, కొడగు సీమకు చెందిన సి. బి. ముత్తమ్మ విదేశాంగ సేవలో చేరిరి. ఆ సేవలో ఆమె మొదటి మహిళ. తొమ్మిదవ యేటనే తండ్రి గతించగా తల్లి నలుగురు బిడ్డలను పెంచి చదివించినది. ఉద్యోగమున చేరునప్పుడు, వివాహమాడినచో రాజీనామా చేయుదునని ముత్తమ్మగారు హామీపత్రముపై సంతకము చేయవలసి వచ్చెను. ఆమె తుదివరకు అవివాహితగానే యుండిరి. అది ఆ పత్రమువలననా, స్వేచ్ఛవలననా అని నిర్ణయించుట మన పని కాదు. అట్టి పత్రమును ఆమెతోపాటు చేరిన ఏ పురుషునిచేతను వ్రాయించుకొనలేదన్నది మాత్రము మనము అడుగవలసిన సంగతి. 1961 నాటి విదేశాంగ సేవా నియమములు, స్త్రీ ఉద్యోగి వివాహమునకు ముందు ప్రభుత్వమునుండి వ్రాతమూలకముగా అనుమతి పొందవలెననియు, కుటుంబ బాధ్యతలు ఆమె పనికి అడ్డువచ్చునని తోచినచో వివాహానంతరము ఎప్పుడైనను రాజీనామా కోరవచ్చుననియు శాసించెను.

1970లో ముత్తమ్మగారు హంగరీకి రాయబారియైరి. భారత విదేశాంగ సేవనుండి రాయబారియైన మొదటి మహిళ ఆమె. అయినను పై శ్రేణికి ప్రమోషను కాలము వచ్చునప్పటికి, ఆమెకు తగిన యోగ్యత లేదని ప్రక్కన పెట్టిరి. ఆమె సుప్రీముకోర్టు తలుపు తట్టిరి. వ్యాజ్యము నడుచుచుండగనే ప్రభుత్వము ప్రమోషను ఇచ్చినది! వివాహితలకు ఉద్యోగము హక్కుగా రాదను నియమమును 1973లోనే తొలగించితిమనియు, అనుమతి నియమమును గూడ తొలగించుచున్నామనియు కోర్టుకు విన్నవించినది.

1979 సెప్టెంబరులో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరు, జస్టిస్ పి. ఎన్. సింఘాల్ తీర్పు చెప్పిరి. కృష్ణయ్యరుగారు వేసిన ప్రశ్న సూటియైనది. ఇల్లు, పిల్లలు స్త్రీ ఉద్యోగమునకు అడ్డువచ్చునందురా? పురుషునకు మాత్రము ఇల్లు లేదా? అడ్డు ఇద్దరికిని రావచ్చును గదా! ఈ నియమములు పదునారవ అధికరణమును ధిక్కరించుచున్నవని ఆయన తేల్చి చెప్పిరి. అన్ని వృత్తులలోను, అన్ని సందర్భములలోను భేదమే ఉండరాదని తాము చెప్పుటలేదని గూడ ఆయన జాగ్రత్తపడిరి. ఆ యుద్యోగపు అవసరమే కోరినచోట తప్ప సమత్వమే నియమము కావలెననిరి. ప్రమోషను లభించినందున వ్యాజ్యమును కొట్టివేసిరి. ఆమె సీనియారిటీని మరల పరిశీలింపుమని ప్రభుత్వమును ఆదేశించిరి. వ్యాజ్యము ఓడినది, వాదము గెలిచినది. న్యాయస్థానములలో ఇట్టి విచిత్రములు అప్పుడప్పుడు జరుగును.

ఐనను తీర్పు ఒక్కటి వచ్చినంతనే లోకము మారదు. రెండేండ్లకే, 1981లో, ఎయిరిండియా విమాన పరిచారికల వ్యాజ్యము అదే కోర్టు ముందునకు వచ్చెను. మొదటి గర్భము ధరించినంతనే ఉద్యోగము పోవునను నియమమును కోర్టు కొట్టివేసినది. కాని ఉద్యోగమున చేరిన నాలుగేండ్లలోపల పెండ్లి చేసికొనరాదను నియమమును మాత్రము సబబే యన్నది. ఒక అడుగు ముందునకు, ఒక అడుగు ఉన్నచోటనే. ఇక 2020లో సైన్యమున స్త్రీలకు శాశ్వత నియామకము, ఆధిపత్య పదవులు ఇచ్చుటను గూర్చి వాదము జరిగినప్పుడు, పల్లెలనుండి వచ్చిన సైనికులు స్త్రీ ఆజ్ఞను శిరసావహించుటకు మానసికముగా సిద్ధముగా లేరని ప్రభుత్వ పక్షము చెప్పినది. కోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చినది. హోసూరుకు పంపుటకు డెబ్బది యేండ్లనాడు సంశయించిన వారి మనస్సులోని భయము ఇది కాదా? మాట మారినది; ఏనుగుల స్థానమున సైనికులు వచ్చిరి.

ఇన్ని అడ్డులున్నను కాలము ఊరకుండలేదు. వివాహమునకు అనుమతి కోరిన ఆ విదేశాంగ శాఖకే 2001లో చోకిలా అయ్యర్ అను మహిళ కార్యదర్శియైరి. రాజంగారు నియమము సడలిన పిదప తన సహాధికారిని వివాహమాడిరి. 1989లో పద్మభూషణ గౌరవమునందిరి. 2013 నాటి కంపెనీల చట్టము కొన్ని తరగతుల కంపెనీల డైరెక్టర్ల బోర్డులో ఒక మహిళయైనను ఉండితీరవలెనని విధించినది. 2017లో ప్రసూతి సెలవు 26 వారములైనది. ఇవన్నియు మంచి మార్పులే. కాని చట్టము కుర్చీని చూపగలదు. కూర్చున్న మనిషిని చూచు చూపును మార్పజాలదు.

ఈ మాటను మేము ఇతరులను వేలెత్తి చూపుటకై అనుటలేదు. మేమును ఒకప్పుడు ఒక ఎంపిక సంఘమున సభ్యులుగా కూర్చుంటిమి. అది ఏ కార్యాలయమన్నది ఇచట అప్రస్తుతము. పదిమందిపై పెత్తనముగల చిన్న పదవి యొకటి ఖాళీగా నుండెను. వచ్చిన ప్రతి యువతిని, ‘పెండ్లియైన పిదప ఏమి చేయుదువమ్మా? బదిలీ చేసినచో వెళ్లగలవా?’ అని అడిగితిమి. యువకులలో ఒక్కనినైనను ఈ మాట అడుగలేదు. మాకది అన్యాయముగా తోచలేదు సరిగదా, ఆ పిల్లల మేలుకోరి అడుగుచున్నామనియే అనుకొంటిమి. ఒక అమ్మాయి మర్యాదగానే, ‘మీరందరు పెండ్లియైన తరువాత ఏమి చేసినారండీ?’ అని అడిగినది. మేమందరమును నవ్వితిమి. ఆమె నవ్వలేదు. ఆమె జవాబులన్నియు చక్కగా నున్నవి. ఆనాడు మా చీటీపై ఆమె పేరునకు ఎదురుగా మేము వేసిన అంకె మాత్రము వానికి తగినది కాదు. పట్టికలో ఆమె పేరు రాలేదు. కృష్ణయ్యరుగారి తీర్పును మేము కళాశాలలోనే చదివియుంటిమి. చదువు వేరు, చీటీపై అంకె వేయు చేయి వేరు.

కావున స్త్రీ అధికారి కాగలదా అను ప్రశ్న కాలము చెల్లినది. దానికి జవాబు రుద్రమ 13వ శతాబ్దముననే ఇచ్చినది. అడుగవలసిన ప్రశ్న వేరు. అధికారి యగుటకు స్త్రీ ఏమి వదలుకొనవలసి వచ్చుచున్నది? రుద్రమ తన పేరును ప్రక్కన పెట్టినది. లలితగారు క్షేత్రపు పనిని విడిచిరి. ముత్తమ్మగారు హామీపత్రము వ్రాసి యిచ్చిరి. ఈనాటి స్త్రీ అధికారిచేత ఎవ్వరును హామీపత్రము వ్రాయించుకొనుటలేదు. కాని సాయంకాలము ఆరుగంటలకు పిలిచిన సమావేశము, పాప బడినుండి వచ్చు వేళ, పెద్దవారికి మందు ఇయ్యవలసిన వేళ ఆమెకు రోజును ఆ పత్రమునే చూపుచున్నవి. గట్టిగా మాటాడినచో ‘మగరాయుడు’ అందురు. మెత్తగా మాటాడినచో ‘ఈమెవలన ఏమి కాగలదు?’ అందురు. పురుష అధికారికి కోపము వచ్చినచో అది క్రమశిక్షణ. ఆమెకు వచ్చినచో అది స్వభావము. ఆఫీసున అధికారిగాను, ఇంట ఇల్లాలుగాను ఆమె ప్రతిదినము రెండు పరీక్షలకు కూర్చుండవలెను. రెండింటికిని ప్రశ్నపత్రము వ్రాసినవారు ఇతరులు.

దీనికి విరుగుడు స్త్రీని మరింత దృఢముగా చేయుట కాదు. ఆమె చాలినంత దృఢముగనే యున్నది. కుర్చీ కొలతలు మార్చవలెను. జీతము ఒక్కరిది, పని ఇద్దరిది యను ఆ పాత ఏర్పాటును మార్చవలెను. ఇంటి బరువు పురుషునిది గూడనని ఆఫీసు గుర్తించిననాడు, పురుషునకు గూడ పిల్లవాని జ్వరమునకు సెలవు అడుగుటకు సిగ్గు కలుగనినాడు, ఎంపిక సంఘమువారి ప్రశ్న దానంతట అదియే అర్థహీనమగును.

తుదకు ఒక్క మాట. మన తెలుగు వ్యాకరణమున ఒక విశేషము కలదు. ఏకవచనమున పురుషుడు ‘వచ్చినాడు’, స్త్రీ ‘వచ్చినది’. బండియు వచ్చినది, వానయు వచ్చినది; ఒక్కతెయైన స్త్రీ క్రియలో వానితోపాటే నడచుచున్నది. కాని బహువచనమున స్త్రీలు ‘వచ్చినారు’, పురుషులును ‘వచ్చినారు’. ఒంటరిగా నున్నప్పుడు లేని సమత్వము పదిమంది కూడినప్పుడు క్రియలోనే వచ్చి చేరుచున్నది. గిండీ కళాశాలవారు లలితగారికి తోడు వెదకినప్పుడు ఈ వ్యాకరణసూత్రము వారికి స్ఫురించి యుండదు. ఐనను వారు చేసిన పనిలో ఆ సత్యమే కలదు. మొదటి స్త్రీని చూచి లోకము ఆశ్చర్యపడును. పదవ స్త్రీని చూచి అలవాటుపడును. నూరవ స్త్రీని చూచి ఆమె స్త్రీ యన్న సంగతినే మరచి, ఆమె పనిని మాత్రము చూచును. ఆ నూరవ స్త్రీ వచ్చువరకు వాకిలి మూయకుండ చూచుకొనుట మనవంతు. ముందుగా అచ్చువేయించిన కాగితములు మన ఇండ్లలో, మన ఆఫీసులలో ఇంకను కట్టలుకట్టలుగా నున్నవి. కలము మన చేతులలోనే యున్నది.